అమ్మవారి బోటుకు పదిహేను దిమ్మలు

బేబీరాణికి కోపం వస్తే అరవదు, గిన్నెలు విసరదు. ఎదుటి మనిషిని "మీరు" అనడం మొదలుపెడుతుంది. కన్నతండ్రిని ఆమె "మీరు భోంచేశారా?" అని అడిగిన రోజున, ఆ తండ్రి అప్పలరాముడు సగం అన్నం వదిలేసి వల బాగుచేసుకునే నెపంతో వాకిట్లోకి వెళ్లిపోయాడని బ్రూక్షాబాద్‌లో ఆ వరస ఇళ్లవాళ్లంతా చెబుతారు. ఐసు గొడవ జరిగిన పది రోజులూ ఆ ఇంట్లో అందరికీ అంతటి మర్యాద దక్కింది.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. తాత భీమిలి వైపు నుంచి ఓడెక్కి దీవులకు వచ్చాడు. తండ్రి ఇక్కడే పుట్టాడు. ఇంజను బిగించిన ఒక బోటు, వేటలో తోడుండే ఇద్దరు కలాసీలు, బోలెడన్ని అభిప్రాయాలు ఆయన ఆస్తి. బేబీరాణి పోర్ట్ బ్లెయిర్‌లోనే కంప్యూటర్లలో డిగ్రీ చేసి, డైరీ ఫార్మ్‌లో మొబైల్ రిపేరు షాపు పైనున్న రెండు గదుల ఆఫీసులో చేరింది. కంపెనీ పెద్దలు సముద్రానికి అవతల, అంటే మెయిన్‌ల్యాండ్‌లో ఉంటారు. ఇక్కడ ఉండేది ఆమె, మేనేజరు రామ్‌ప్రసాద్, గోడకు ఒక పెద్ద తెర.

ఆ ఉద్యోగానికి ఇంగ్లీషులో గంభీరమైన పేరుంది. తెలుగులో నిజం చెప్పాలంటే అది దొంగ గిరాకీ పని. ఒక దుకాణం తెరిచి ఉందో లేదో తెలియాలంటే గిరాకీ వచ్చి తలుపు తట్టాలి. ఆ గిరాకీ వచ్చి, తలుపు తెరుచుకోక, తిట్టుకుంటూ పోయేదాకా ఆగితే వ్యాపారం పోతుంది. అందుకని లేని గిరాకీని ఒకదాన్ని తయారుచేసి, పది నిమిషాలకొకసారి పంపుతారు. అది వెబ్‌సైటు తెరుస్తుంది, పేరు రాస్తుంది, మీట నొక్కుతుంది, జవాబు ఎన్ని క్షణాల్లో వచ్చిందో లెక్కపెడుతుంది. వెబ్‌సైటు వెనకాల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కిటికీలుంటాయి, వాటిని ఏపీఐలంటారు. వాటినీ తట్టి చూస్తుంది. అన్నీ పలికితే తెర మీద ఆకుపచ్చ చుక్క. పలకకపోతే ఎర్ర చుక్క, వెంటనే బేబీరాణి ఫోను మోగడం. ఈ దొంగ గిరాకీలను రాసి, పెంచి, అచ్చం మనుషుల్లా నడిపించడంలో ఆమె అందెవేసిన చెయ్యి. అసలు మనుషుల సంగతి తమ పరిధిలోకి రాదని రామ్‌ప్రసాద్ ఒకటికి రెండుసార్లు చెప్పి ఉన్నాడు.

జెట్టీ దగ్గర ఒక ప్రైవేటు ఐసు ప్లాంటు ఉంది. బోట్ల వాళ్లు అక్కడ ఐసు దిమ్మలు తీసుకుని, మరలో పొడి చేయించి, పెట్టెల్లో నింపుకుని వేటకు పోతారు. ఐసు లేకుండా మూడు రోజుల వేటకు పోవడమంటే మూడు రోజుల తర్వాత కంపు మోసుకుని రావడమే. వెనకటికి ఎవడి గొంతు పెద్దదైతే వాడికి ఐసు ముందు దొరికేది. ఈ అనాగరికతను రూపుమాపడానికి ప్లాంటు వాళ్లు ఒక యాప్ పెట్టించారు. ఉదయం ఆరింటికి బుకింగు తెరుచుకుంటుంది. ఫోన్లో బోటు పేరు, దిమ్మల సంఖ్య నొక్కితే నంబరు వస్తుంది, అదే క్షణంలో ప్లాంటులోని చిన్న మిషను చీటీ ముద్రిస్తుంది. ఫోర్‌మన్ గోవిందు ఆ చీటీల వరసలో ఐసు ఇస్తాడు. ఆ యాప్ బాగోగులు కనిపెట్టే బాధ్యత బేబీరాణి కంపెనీది.

నలభై రోజులుగా ఆ యాప్ చుక్క ఆకుపచ్చగానే ఉంది. ఒక్క క్షణం కూడా ఎర్రబడలేదు. రామ్‌ప్రసాద్ ఆ చుక్కకు ఫోటో తీసి పై వాళ్లకు పంపాడు. నలభై ఒకటో రోజున మెయిన్‌ల్యాండ్ నుంచి అతిథులు ఆ చుక్కను కళ్లారా చూడటానికి విమానం మీద వస్తున్నారు.

ఈ నలభైలో చివరి పది రోజుల్లో ప్లాంటులోని రెండు ఐసు మిషన్లలో ఒకటి మూలపడింది. మూడువందల దిమ్మలు తయారయ్యే చోట నూటయాభై తయారవుతున్నాయి. గోవిందు రోజూ పొద్దున్నే ఆ సంఖ్య యాప్‌లో నిజాయితీగా రాస్తున్నాడు. యాప్ నూటయాభై దిమ్మలకే నంబర్లిచ్చి తలుపు మూసేస్తోంది. లెక్క ప్రకారం చీటీ పడినవాడికి ఐసు దొరికి తీరాలి. అప్పలరాముడికి రెండుసార్లు చీటీ ఉంది, ఐసు లేదు.

ఆయన ప్రతిసారీ వరసలో చివరివాడు కావడానికి కారణం కూతురి నిజాయితీ. యాప్‌ను కాపలా కాసేవాళ్లు జనం కంటే ముందు మీట నొక్కకూడదని ఆమె తనకు తాను ఒక చట్టం చేసుకుంది. ఆరున్నర దాకా ఆగి తండ్రి పేరు నొక్కుతుంది. అప్పటికి మిగిలేది ఆఖరి పన్నెండు దిమ్మలే. ఆ చట్టం సంగతి తండ్రికి చెప్పలేదు.

రెండోసారి ఖాళీ పెట్టెలతో ఇంటికొచ్చిన అప్పలరాముడు చెప్పులు కూడా విప్పలేదు.

"నీ యాపు అబద్దమాడతందే గుంటా! నంబరిత్తాది, ఐసు ఇవ్వదు."

"యాప్ బాగానే ఉంది. ఇదిగో చూడండి, పచ్చగా ఉంది" అని ఫోను చూపించింది.

"పచ్చగా ఉందా? అయితే ఆ పచ్చరంగు పెట్టెలో పోసియ్యి. సూరచేపలు దాన్లో దాసుకుంటాను."

"మీరు వేళాకోళం చేస్తే నేను మాట్లాడను."

"నానేటి సేసినానే యేళాకోళం? మన పైడిబాబు, గణేషు ఏటన్నారో ఎరికా? ఈసారి కూడా ఐసు నేకపోతే చిట్టిబాబు బోటెక్కుతాం మావా, అన్నారు. ఆళ్లకీ పిల్లలున్నారు. ఆళ్లెల్లిపోతే నానొక్కణ్నీ బోటులో కూకుని భజన సెయ్యాలి. గాలి ఇంకో నాలుగు రోజులే బాగుంటాది, తరవాత ఖతం."

బేబీరాణి రాత్రంతా మండిపడి, తెల్లారి ఆఫీసుకు వెళ్లి రికార్డులన్నీ తిరగేసింది. ప్రతిరోజూ నూటయాభై దిమ్మలకు సరిగ్గా నూటయాభై దిమ్మల బుకింగులే. ఒక్కటి ఎక్కువ లేదు. అంటే ప్లాంటుకూ వరసకూ మధ్య ఐసు మాయమవుతోంది. చీటీ ఉండీ ఐసు అందనివాళ్లను లెక్కేస్తే సుమారు పదిహేను దిమ్మలు. రామ్‌ప్రసాద్‌కు చెప్పింది.

"చూడమ్మా బేబీరాణీ" అన్నాడు ఆయన, రేపటి అతిథుల కోసం తెర తుడుస్తూ. "మన పని యాప్. యాప్ పచ్చగా ఉంది. ఐసు సంగతి ఐసువాళ్లు చూసుకుంటారు."

"యాప్ ఉన్నది ఐసు కోసం కదా సార్."

"ఇదుగో, ఈ ఫిలాసఫీ రేపు పదకొండింటి తర్వాత మాట్లాడుకుందాం."

రామ్‌ప్రసాద్‌ను ఆమె మొదటి నుంచీ మీరనే అంటుంది కాబట్టి ఆయనకు ప్రమాద సూచన ఏమీ అందలేదు.

మర్నాడు ఆమె ఆఫీసుకు కాకుండా నేరుగా ప్లాంటుకు వెళ్లింది. ఆమె అనుమానం గోవిందు మీద. ఐసు హోటళ్లకు అమ్ముకుంటున్నాడని దారిలోనే తీర్మానించింది. పుట్టినప్పటి నుంచి మావా అని పిలిచిన మనిషి మీద అంతటి నేరం మోపాలంటే కొంత సాధన కావాలి. స్కూటరు మీద ఆ సాధన చేసుకుంటూ వచ్చింది. ప్లాంటు ముందు ఇరవై మందికి పైగా వరసలో ఉన్నారు. అప్పలరాముడు అందరికంటే చివర, కలాసీలు ఇద్దరూ ఆయనకు కొంచెం ఎడంగా, ఎటైనా వెళ్లడానికి వీలుగా నిలబడ్డారు. వాళ్లకు దగ్గర్లోనే చిట్టిబాబు. తన ఐసు ముందే తీసుకున్నాడు, అయినా కదల్లేదు. ఆయనకు కావలసింది ఇప్పుడు కలాసీలు.

"గోవిందుగారూ" అంది బేబీరాణి, వరసంతా వినేలా. "రోజుకు పదిహేను దిమ్మలు ఎక్కడికి వెళ్తున్నాయో సెలవిస్తారా?"

గోవిందు చేతిలోని ఐసు కొక్కెం కిందికి దించాడు.

"గారేటే? నీకు నాను గారెప్పుడైనాను?"

"హోటళ్లకు వెళ్తున్నాయా?"

"అరే బాప్ రే!" అన్నాడు చిట్టిబాబు, పండగ దొరికినట్టు. "నాను ముందే అనుకున్నాను. గోవిందు భయ్యా కొత్త ఫోను కొన్నాడు సూసినారా?"

"నోర్ముయ్ రా! నా కొడుకు కొన్నాడది." గోవిందు ముఖం కందిపోయింది. "ఇరవయ్యేళ్లైంది ఇక్కడ. ఒక్క దిమ్మ ఇంటికట్టుకెళ్లినానేటి? అడుగు, సింహాద్రప్పన్న మీద ఒట్టు! రాయే, ఇలా రా. సూపిత్తాను నీ పదేను దిమ్మలు."

లోపల గోడవారగా, గోనెపట్టాల కింద పదిహేను దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. ముందు వరసలో ఒక దిమ్మకు పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. కరుగుతున్న నీళ్లలో ఆ పసుపు సన్నగా జారి కాలవలోకి పోతోంది. చుట్టూ నైలాను తాడు కట్టాడు.

"ఎవరిది ఇది?"

"పోలమ్మ తల్లి బోటుది. రోజూ ఒకటో నంబరు. ఆరు కొట్టీసరికల్లా చీటీ ఒచ్చేత్తాది. అమ్మోరి పేరు మీద మొదటి చీటీ ఒత్తే ఎనక్కి నెట్టీమంటావేటి? మన కులంలో ఎవడన్నా అలా సేత్తాడా?"

"ఆ బోటును మీరు ఎప్పుడైనా చూశారా?"

"అమ్మోర్ని సూసే మొక్కుతామేటి?"

"మనిషెవరూ రాలేదా? నలభై రోజుల్లో ఒక్కరోజు కూడా?"

"రానేదు. నాకూ డౌటొచ్చింది. ఎవడో మొక్కుకున్నాడనుకున్నాను, రోజూ పదేను దిమ్మలు సముద్రానికిత్తానని. సాయంత్రానికి కరిగి సముద్రంలోకే పోతన్నాయి కదా. మొక్కు తీరిపోతంది." గోవిందు చాలా సహేతుకంగా చెప్పి, గోడ మీది మేకు చూపించాడు. "నమ్మకపోతే సూసుకో. ఆ బోటు చీటీలన్నీ గుచ్చినాను."

బేబీరాణి మేకు నుంచి పై చీటీ లాగి చూసింది. బోటు: శ్రీ పోలమ్మ తల్లి. నంబరు: ఒకటి. దిమ్మలు: పదిహేను. కింద ఫోను నంబరు. ఆ నంబరు చదవనక్కరలేకుండానే ఆమెకు తెలుసు.

జరిగింది ఇదీ. పది నిమిషాలకొకసారి వెళ్లే దొంగ గిరాకీలు తలుపు తట్టి వచ్చేస్తాయి. వాటితో పాటు రోజుకొకసారి, సరిగ్గా ఆరింటికి, ఒక దొంగ బోటు మాత్రం లోపలిదాకా వెళ్లి, నిజంగా ఐసు బుక్ చేసి, నంబరు వచ్చిందని చూసుకుని, మూడు క్షణాల్లో రద్దు చేసేస్తుంది. అది రాసింది బేబీరాణే. బోటు పేరు అడిగే గడిలో ఏ పిచ్చి అక్షరాలైనా కొట్టవచ్చు. కాని మొదటి పని, మొదటి బోటు. ఆమె ఇంట్లో ఏ కొత్త బోటూ అమ్మవారి పేరు లేకుండా నీళ్లు ముట్టలేదు. కంప్యూటర్లో బోటైతే మాత్రం ఏమిటని, కళ్లకద్దుకుని పోలమ్మ తల్లి పేరు పెట్టింది. దిమ్మల గడిలో యాప్ ఒప్పుకునే పై హద్దు పదిహేను వేసింది.

మూడు క్షణాల్లో రద్దయ్యాక ఆ పదిహేను దిమ్మలను యాప్ మళ్లీ జనానికి అమ్ముతుంది. ప్లాంటులో మిషను మాత్రం బుకింగు కాగానే చీటీ కక్కుతుంది. రద్దుకు చీటీ కక్కదు. ఈ లోపం బేబీరాణి మొదటి వారంలోనే కనిపెట్టింది. మనిషి రాని చీటీకి ఐసు తీసి దాచేవాళ్లు ఉంటారని మాత్రం ఊహించలేదు. రాసి పంపింది. పరీక్షలకు వేరే ఉత్తుత్తి ప్లాంటు ఒకటి కట్టించమని కూడా రాసింది. మూడుసార్లు. మూడుసార్లూ రామ్‌ప్రసాద్ ఒకే జవాబు రాసి ఫైలు మూశాడు: వినియోగదారుల మీద ప్రభావం లేదు.

ప్రభావం తాడు కట్టుకుని, బొట్టు పెట్టుకుని ఎదురుగా కరుగుతోంది.

ఇప్పుడామె నోరు మూసుకుని ఆఫీసుకు పోయి, రెండు మీటలు నొక్కి, రేపటి నుంచి ఆ బోటును మాయం చెయ్యవచ్చు. ఎవరికీ తెలియదు. అమ్మవారి మొక్కు తీరిందని గోవిందు సంతోషిస్తాడు. కాని తండ్రికి ఐసు కావలసింది ఇవాళ. పైగా ఆమెకు ఎంత కోపం వచ్చిందంటే, అది మోయడానికి తనొక్కతే చాలదనిపించింది.

బయటికి వచ్చింది.

"ఏటి బేబీ" అన్నాడు చిట్టిబాబు. "దొంగోడు దొరికినాడా?"

"దొరికింది."

"ఎవలు?"

"నేనే."

చెప్పింది. దొంగ గిరాకీ సంగతి, ఆరింటి బోటు సంగతి, రద్దుకు చీటీ రాని సంగతి. మధ్యలో ఎవరూ ఆపలేదు, అర్థం కాక కొందరు, అర్థమయ్యి మరికొందరు. ఆమె ఆపగానే అందరూ ఒకేసారి మొదలుపెట్టారు.

"అంటే నేని బోటుకి ఐసిచ్చి, ఉన్న బోటుని ఎనక్కి పంపినారా!"

"మా కడుపులు కొట్టీ మిషనుకి జీతమా నీకు?"

"యే క్యా తమాషా హై దీదీ!"

అప్పలరాముడు మాత్రం కూతురి వంక చూసి, నేల మీద ఉమ్మేసి, తన స్థానంలో తాను నిలబడ్డాడు.

"గోవిందుగారూ, ఆ తాడు విప్పండి. ఆ ఐసు లైన్లో వాళ్లకి ఇవ్వండి."

"ఎలా ఇచ్చీమంటావు? చీటీ ఉంది."

"ఆ చీటీ రద్దయిపోయింది. అది ఉత్త పరీక్ష."

"రద్దు చీటీ ఏదీ?"

"రద్దుకు చీటీ రాదని ఇప్పుడేగా చెప్పాను!"

"మరైతే రద్దవనేదు." గోవిందు చేతులు కట్టుకున్నాడు. తనను దొంగన్న మనిషికి చట్టం నేర్పే అవకాశం రోజూ రాదు. "దొంగనన్నావు. ఇప్పుడు చీటీ నేకుండా ఐసిచ్చీమంటన్నావు. రేపు నాను నిజంగా దొంగనైపోనా? బోటోడు సెప్పాల. బోటు యజమాని నోటితో సెప్పాల, నాకొద్దూ అని."

"ఆ బోటు యజమానిని నేనే."

"అలా ఎవులైనా అంటారు." చీటీ తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, కింద ఉన్న నంబరు తన కొత్త ఫోనులో ఒక్కొక్క అంకే నొక్కాడు. రెండు బారల దూరంలో బేబీరాణి సంచిలో ఫోను మోగింది. ఆమె తీసింది. గోవిందు ఆమెవైపు వీపు తిప్పుకుని నిలబడ్డాడు, వ్యవహారం సక్రమంగా జరగాలి కనక.

"హలో. పోలమ్మ తల్లి బోటేనా?"

"అవును."

"మీ ఐసు తీసుకుంటారా, నేదా?"

"తీసుకోము. లైన్లో వాళ్లకి ఇచ్చెయ్యండి."

"పక్కా?"

"పక్కా."

"సరే, పెట్టేత్తన్నాను." ఫోను జేబులో పెట్టుకుని, వరసవైపు తిరిగి, కొత్త కబురు తెచ్చినవాడిలా ప్రకటించాడు: "ఒద్దంటన్నారు."

తాడు విప్పాడు. బొట్టున్న దిమ్మను ముందు తీసి, నీళ్లతో కడిగి, దణ్ణం పెట్టి, మరలోకి తోశాడు.

బేబీరాణి అక్కడే నిలబడి ఫోనులోంచి ఆరింటి బోటును ఆపేసింది. తెర మీద చుక్క ఆకుపచ్చ నుంచి బూడిదరంగుకు మారింది. రెండు నిమిషాల్లో రామ్‌ప్రసాద్ ఫోను.

"ఏమమ్మా, చుక్క ఆరిపోయింది! పదకొండింటికి వాళ్లు వస్తున్నారు!"

"నేనే ఆపాను సార్. దానివల్ల జనానికి ఐసు పోతోంది."

"ఎవరి ఐసు? మన క్లయింటు ఐసు కాదు, యాప్! వెంటనే పచ్చ చెయ్యి."

"చెయ్యను. రద్దుకు చీటీ వచ్చేదాకా చెయ్యను. మీరు మూడుసార్లు ఫైలు మూశారు."

"అదంతా తర్వాత. బూడిదరంగు బాగుండదు. వాళ్లేమనుకుంటారు?"

"సరే సార్, బూడిదరంగు తీసేస్తాను" అని ఫోను పెట్టేసింది. చేత్తో రంగు మార్చే వీలు ఆమెకు ఉంది. ఎర్ర చుక్క పెట్టింది. కారణం రాయమని యంత్రం ఒక గడి చూపించింది. వరసలో తాను ఇంతసేపూ విన్నవాటిలో పెద్దలు చదవదగిన ముక్క ఒకటి ఎంచి, చీటీ ఉన్నవాళ్లకు ఐసు లేదు అని రాసింది.

పదింటికి అప్పలరాముడి వంతు వచ్చింది. లోపల సరిగ్గా పన్నెండు దిమ్మలున్నాయి. గోవిందు ఒక్కొక్కటే మరలోకి తోస్తుంటే, కలాసీలిద్దరూ లెక్కపెట్టుకుంటూ నిలబడ్డారు. తొమ్మిదో దిమ్మ దాటాక పైడిబాబు కదిలి వచ్చి పెట్టె పట్టుకున్నాడు. పదకొండో దిమ్మకు గణేషు కూడా వచ్చాడు.

"చల్ మావా, ఆలిస్సమైపోతంది" అన్నాడు పైడిబాబు, తాను ఎక్కడికీ పోవాలనుకోనట్టే.

చిట్టిబాబు ఉమ్మేసి తన బోటు వైపు నడిచాడు.

పెట్టెలు బోటులోకి ఎక్కించాక అప్పలరాముడు గట్టు మీదున్న కూతురి దగ్గరకు వచ్చాడు.

"అమ్మోరి పేరు పెట్టినావు, బాగానే ఉంది" అన్నాడు. "పదేను దిమ్మలెందుకే రాసినావు? ఒక్కటి రాసుంటే సరిపోదేటి?"

ఆమె వంగి, గట్టుకు కట్టిన బోటు తాడు విప్పసాగింది.

"సదువుకున్నావు" అని ముగించి, బోటెక్కి ఇంజను లాగాడు.

బేబీరాణి వెనక్కి వెళ్లి గోవిందును అడిగింది.

"మావా, ఆ చీటీలన్నీ నాకిస్తావా?"

"ఏటి సేసుకుంటావే?"

"పనుంది."

మేకు నుంచి కట్ట తీసి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఇచ్చాడు. "దొంగన్నందుకు సారీ సెప్పి అట్టుకెళ్లు."

చెప్పింది. పట్టుకెళ్లింది.

ఆఫీసు మెట్లెక్కేసరికి అతిథులు తెర ముందు కుర్చీల్లో ఉన్నారు. కొబ్బరి నీళ్లు తాగుతున్నారు. వాళ్లలో ఒకాయన ఆ ఎర్ర చుక్క ఏమిటని అడుగుతున్నాడు. చిన్న సాంకేతిక అంతరాయమని, వినియోగదారుల మీద ప్రభావం లేదని రామ్‌ప్రసాద్ చెబుతున్నాడు. బేబీరాణి కాళ్లకు అంటిన ఐసు నీళ్లతోనే వచ్చి, బల్ల మీద కొబ్బరి బోండాలు పక్కకు జరిపి, చీటీల కట్ట పెట్టింది.

"మీరంతా కూర్చోండి" అంది.

అప్పటికే కూర్చున్న అతిథులు సర్దుకుని మళ్లీ కూర్చున్నారు. ఆమె అడుగునున్న మొదటి రోజు చీటీ తీసి చదవడం మొదలుపెట్టింది. బోటు, శ్రీ పోలమ్మ తల్లి. నంబరు, ఒకటి. దిమ్మలు, పదిహేను. నలభై ఒక్క చీటీల్లోనూ తేదీ తప్ప ఒక్క అక్షరం తేడా లేదు. అయినా ఆమె ఒక్కటి కూడా వదలకుండా చదివింది.